పిడికెడు గింజల కుండ

అమ్మ పోయిన నెల తిరక్కముందే తమ్ముడు దానియేలు ఫోన్ చేసినాడు. "అక్కా, అటక సర్దుతుంటే అమ్మ కుండ కనబడింది. సంఘం వాళ్ళు అడుగుతున్నారు. అద్దాల పెట్టె చేయించి గుళ్ళో పెడతారంట. పక్కన నీ ఫోటో పెడతారంట" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నా ఫోటో ఎందుకురా, నేనింకా బతికే ఉన్నా గదా!" అన్నా. "అది కాదక్కా, గవర్నరుగా చేసినావు గదా, గవర్నరమ్మ తల్లి కుండ అని నలుగురు వచ్చి చూస్తారని..." అని వాడు నసిగినాడు. "కుండకు గవర్నరేందిరా? దాన్ని ఎవురూ తాకొద్దని చెప్పు. నేను వస్తున్నా" అని ఫోన్ పెట్టేసినా. నాది మొదటినుంచీ ఇదే నోరు. రాజ్‌భవన్‌లో ఉన్నప్పుడు కూడా నా సెక్రటరీ ఈ నోటికి భయపడి, నేను మాట్లాడబోయే ముందు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపేవాడు.

మార్కాపురంలో రైలు దిగి, యర్రగొండపాలెం దాటి, నల్లమల అంచున ఉన్న మా పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది. తమ్ముడు కుండను వసారాలో పీట మీద పెట్టి ఉంచినాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు. మూతి ఒక పక్క పెచ్చు ఊడింది. అడుగున ఎండిన వేపాకు ఇంకా ఉంది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కింద కూర్చుని, కుండలో ముఖం పెట్టి వాసన చూసినా. పాత జొన్నల వాసన, వేపాకు చేదు, పొయ్యి పొగ. అంతే, నాకు దుఃఖం ఆగలేదు. అమ్మను మట్టి చేసిన రోజు కూడా నలుగురి ముందు బిగపట్టుకున్నదాన్ని, ఖాళీ కుండ ముందు బావురుమన్నా. తమ్ముడు నా వీపు మీద చెయ్యేసి అట్లే కూర్చున్నాడు.

ఈ కుండ సంగతి తెలియని వాళ్ళకు చెప్పాల. మా పల్లెలో క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు వండిన ప్రతిసారీ, ఎసట్లో పోయబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి మోసుకొచ్చి, ప్రార్థన బల్ల ముందున్న గంపలో కుమ్మరిస్తారు. పేరుకు పిడికెడు బియ్యం అంటారు గానీ, వరి బియ్యం మాకు పండగకో జబ్బుకో. ఏ ఇంట్లో ఏది ఉడికితే అదే కుండలో పడేది. కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఒక్కోసారి నూకలు. అమ్మ పొద్దున్నే పొయ్యి ఊది, కళ్ళు తుడుచుకుని, చేటలో గింజలు చెరిగి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగి పిడికిలి నింపేది. అమ్మ చెయ్యి పెద్దది. కూలి చేసి చేసి ఇంకా వెడల్పయింది. మా నాయన పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ, "ఏమే సుందరమ్మా, నీ చెయ్యి ఇంత పెద్దదని తెలిస్తే నిన్ను చేసుకోకపోదును గదే" అనేవాడు. "ఇప్పుడు తెలిసింది గదా, ఏం చేస్తావు?" అని అమ్మ ఇంకా నిండుగా తీసేది. నాయన నవ్వేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో తిండికి కరువు గానీ నవ్వుకు లేదు.

గుడి అంటే మా చర్చి, అప్పట్లో రేకుల షెడ్డు. కింద మాత్రం నల్లగా నిగనిగలాడే పలకరాయి పరుపు. మార్కాపురం గనుల్లో పలకలకు పనికిరాదని పారేసిన ముక్కలను మా మగవాళ్ళు బండ్లకెత్తుకొచ్చి పరిచినారు. ఎండాకాలం దాని మీద వెల్లకిలా పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. గంట లేదు. చింతకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో కొడితే అదే గంట. మా నాయనకు అన్న వరసయ్యే యాకోబు పెద్దనాయన సంఘపెద్ద. చలవ పంచె, చేతికర్ర, తుమ్మినా బైబిలు వాక్యం చెప్పే మనిషి. చెడ్డవాడు కాదు. ఆయన ప్రాణమంతా ఒక నిజమైన కంచు గంట మీద ఉండేది. పిడికెడు గింజలను అమ్మించి, గంట కోసం కూడబెడుతుండేవాడు. "ఊళ్ళో పెద్దకులాలోళ్ళ గుడికి గంట ఉంది, మనకు ఇనప ముక్క. మన ప్రార్థన దేవుడికి వినపడేది ఎట్ల?" అని వాపోయేవాడు. ఆయన బాధ అబద్ధం కాదని ఇప్పుడు నాకు తెలుసు, ఎందుకంటే చిన్నచూపు చూసిన వాళ్ళ ఎదుట తల ఎత్తుకోవాలని మాకందరికీ ఉండేది.

నేను పదో తరగతికొచ్చిన ఏడు వానలు మొండికేసినాయి. కందిచేను పూతలోనే మాడిపోయింది. పల్లె పల్లెంతా గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోవాలని నిశ్చయమయింది. కూలోళ్ళను కుదిర్చే మేస్త్రీ వచ్చి, లారీ ఎప్పుడొస్తుందో చెప్పిపోయినాడు. మిరపచేలకు పోవడమంటే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, పిల్లాజెల్లా గిన్నెలూ బొంతలూ అన్నీ లారీకెక్కడమే. అట్ల ఎక్కిన పిల్లలు తిరిగొచ్చేసరికి బడి పరీక్షలు అయిపోయి ఉంటాయి. వాళ్ళు మళ్ళీ బడి ముఖం చూడరు. నా వయసు ఆడపిల్లలందరూ అప్పటికే అట్ల మానేసినవాళ్ళే. పల్లె మొత్తానికి పదో తరగతిదాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే.

"కరుణ కూడా వస్తుంది. ఇంకో రెండు చేతులుంటేనే గింజలు కొనుక్కోగలం" అన్నాడు నాయన. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది. నేను గోడకు తిరిగి ఏడ్చినా. అమ్మ సంగటి కెలుకుతూనే, "పిల్ల రాదు" అనింది. "ఏం తిని ఉంటుంది ఇక్కడ? ఇంట్లో అవ్వకే గతి లేదు" అన్నాడు నాయన. "ఏదో ఒకటి తింటుంది. పరీక్ష రాసేదాకా నా బిడ్డ ఇల్లు కదలదు. నేనన్నా, అంతే." నాయన తువ్వాలు దులిపి భుజానేసుకుని బయటకు పోయినాడు. అమ్మ ఆ పూట సంగటి ముద్ద నాకు పెడుతూ, "ఏడవబాకు. ఏడిస్తే ఆకలి ఎక్కువవుతుంది" అనింది. ఓదార్పు అంటే మా అమ్మకు అంతే వచ్చు.

మర్నాడు అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. చదువుకునే పిల్లలనందరినీ గుళ్ళో ఉంచి, పిడికెడు గింజలతో వాళ్ళకు వండిపెడితే, ఎవరి పిల్లా లారీ ఎక్కే పనిలేదని ఆమె ఆలోచన. ఆడవాళ్ళకు నచ్చింది. సంఘం కూడినప్పుడు నిలబడి అడిగింది కూడా. యాకోబు పెద్దనాయన కర్ర నేలకు తాటించినాడు. "ఏంది సుందరమ్మా నువ్వనేది? దేవుడికి ఇచ్చింది మళ్ళీ మనం తింటామా? ఇచ్చిన చేత్తో తీసుకుంటే అది కానుకా, అప్పా?" అన్నాడు. "బావా, పెద్దోళ్ళం మేం తినం. పిల్లకాయలు తింటారు" అనింది అమ్మ. "ఎవరు తిన్నా తప్పు తప్పే. గంపలో పడిందంటే అది ఆయనది" అని పెద్దనాయన కూర్చున్నాడు. మగవాళ్ళందరూ తలలు దించుకున్నారు. మా నాయన కూడా. అమ్మ కొంగు నడుముకు బిగించి, "గంపలో పడితేనే గదా బావా" అని ఒక్క మాట అని వచ్చేసింది. ఆ మాటేమిటో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

ఆదివారం వచ్చింది. పాట అయింది, ప్రసంగం అయింది. అయ్యగారు, అంటే మా పాస్టరు, కానుకలు తెమ్మన్నాడు. ఆడవాళ్ళు వరసలో లేచినారు. ముందు మా అమ్మ. కుండ నెత్తిన పెట్టుకుని పోయి, బల్ల ముందు నిలబడి, కుండ దించి, తల వంచి ప్రార్థన చేసుకుని, గంపలో గింజ కూడా రాల్చకుండా, మళ్ళీ కుండ నెత్తికెత్తుకుని వచ్చి తన చోట కూర్చుంది. వెనకాల వచ్చినామె అదే చేసింది. ఆ వెనకామె కూడా అంతే. పలకరాయి మీద మెట్టెల చప్పుడు ఒక్కటే. మా అమ్మను గుడి నుంచి వెలేస్తారేమోనని నాకు భయం.

యాకోబు పెద్దనాయన దిగ్గున లేచినాడు. "దేవుడికి చూపించి ఇంటికి మోసుకుపోతారా? ఇట్లాంటిది ఎక్కడన్నా ఉందా అయ్యగారూ?" అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. "చూపించినాం బావా. ఆయన చూసినాడు. ఎవరికి పెట్టాలో ఆయన్నే చెప్పమను" అనింది. అయ్యగారు మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడితే గొంతు బొంగురుపోయేది. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. తర్వాత ఖాళీ గంపను తనే ఎత్తి బల్ల కిందికి జరిపి, "పెద్దయ్యా, గింజలు గుడి దాటి పోవద్దు, అంతే గదా మీరనేది? గుళ్ళోనే వండుదాం. పిల్లలు ఇక్కడే తింటారు, ఇక్కడే పడుకుంటారు. నేనూ మా ఇంటామె చూసుకుంటాం" అన్నాడు. పెద్దనాయన కర్ర అందుకుని ఎవరివంకా చూడకుండా బయటకు నడిచినాడు. నాయన తలెత్తి అమ్మ వంక చూసినాడు. ఆ చూపులో ఉన్నది గర్వమే. నేను చూసినా.

లారీ వచ్చిన రోజు పల్లె అంతా ఏడుపే. ఆడవాళ్ళు ఇళ్ళల్లో మిగిలిన గింజలన్నీ కుండల్లోకి దులిపి గుడికి చేర్చినారు. అమ్మ మాత్రం ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచి, "అవ్వ వండుతుంది. వడ్డించేది నువ్వు" అని గరిటె నా చేతిలో పెట్టింది. "ముందు ఎవురికి పెడతావు?" "చిన్నపిల్లలకు." "కాదు." "అందరికంటే ఆకలేసినోళ్ళకు." "ఆకలేసినోళ్ళు అడిగి తింటారు లేవే. ఆకల్లేదన్నోళ్ళకు ముందు పెట్టు" అనింది. నాకర్థం కాలేదు. అడిగేలోపల మేస్త్రీ కేకలేసినాడు. నాయన అమ్మ చెయ్యి పట్టి పైకి లాగినాడు, దుమ్ములో లారీ మలుపు తిరిగింది.

మొదటి రోజు వంట చూడాల! ఒక్కో కుండలో ఒక్కో రకం గింజ, అన్నీ కలిపి గంగాళంలో పోసి ఉడకబెట్టింది అవ్వ. కొర్రలు జావైపోయినాయి, జొన్నలు రాళ్ళలాగే ఉన్నాయి. పిల్లలు కరకర నములుతుంటే, "దవడలు గట్టిపడతాయి, తినండి" అని అవ్వ గదమాయించింది. ఆ పైరోజు నుంచి బడి నుంచి రాగానే పిల్లలందరం గుండ్రంగా కూర్చుని జల్లెళ్ళతో గింజలు వేరుచేసేవాళ్ళం. జొన్నలు ముందు, సజ్జలు తర్వాత, కొర్రలు ఆఖరున. ఆ కలగలుపు సంగటిలోకి గోంగూర పచ్చడి వేసుకుని తిన్న రుచి తర్వాత ఏ విందులోనూ నాకు తగల్లేదు. తిన్నాక నేల కడిగి, ఆరినాక ఆ పలకరాయి మీదే బలపాలతో లెక్కలు చేసేవాళ్ళం. గుడి మొత్తం మాకు పలక. బల్ల ముందు నా రేఖాగణితం, తలుపు దగ్గర చిన్నపిల్లల అఆలు. ఆదివారం పొద్దున్నే అమ్మగారు, అదే అయ్యగారి భార్య, "లేవండే, దేవుడి దగ్గర ఎక్కాలేంది!" అంటూ తడిగుడ్డతో తుడిచేది.

మా గుంపులో రూతు అని ఒక పిల్ల ఉండేది, నాకంటే చిన్నది, సన్నగా చీపురుపుల్ల లాగుండేది. ఎప్పుడు గరిటె తీసుకుపోయినా, "నాకు ఆకల్లేదక్కా" అనేది. పోనీలే అని రెండు పూటలు వదిలేసినా. మూడోపూట ఆ పిల్ల బడి దారిలో కళ్ళు తిరిగి పడింది. అవ్వ ఒళ్ళో వేసుకుని గంజి పట్టి అడిగితే, "అందరికీ సాలవేమో అని" అనింది. అప్పుడు తెలిసింది నాకు, అమ్మ మాట. అడిగేవాళ్ళ గొంతు మనకు ఎట్లాగూ వినపడుతుంది. గంగాళం అడుగు చూసి నోరు మూసుకునే వాళ్ళను మనమే వెతుక్కోవాల. ఆ పూట నుంచి రూతు గిన్నెలో ముద్ద పడందే నేను ఇంకొకరి దగ్గరికి పోలేదు.

మిరపకోతల నుంచి తిరిగొచ్చిన రోజు అమ్మ మమ్మల్ని ముట్టుకోలేదు. చేతులు రెండూ ఎర్రగా వాచి, మంటకు మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. పరీక్ష బాగా రాసినానని చెప్పబోతుంటే, "ముందిది చెప్పు, గింజలు సరిపోయినాయా? ఆకల్లేదనింది ఎవరు?" అని అడిగింది. రూతు అని చెప్పినా. "నేను అనుకున్నా" అనింది. యాకోబు పెద్దనాయన ఇదంతా చూసి, తర్వాతి ఆదివారం ఒక బస్తా సజ్జలు ఎవరికీ చెప్పకుండా గుడి తలుపు లోపల పెట్టించినాడు. కంచు గంట మాత్రం ఆయన పోయినాక గానీ రాలేదు.

నేను పైకి చదివి, పాఠాలు చెప్పి, ప్రజల పనుల్లో పడి, ఎవరూ అనుకోని విధంగా దూరాన ఒక కొండల రాష్ట్రానికి గవర్నరునయ్యా. గవర్నరంటే సంతకం పెట్టేది, రిబ్బను కత్తిరించేది అనుకుంటారు. నిజమే, చాలామటుకు అంతే. కానీ విశ్వవిద్యాలయాలకు ఛాన్సలరు హోదా ఉంటుంది గదా అని, చెప్పాపెట్టకుండా ఆడపిల్లల హాస్టళ్ళకు పోయేదాన్ని. ఒకచోట, సెలవులకు మెస్ మూసేసినా, గదుల్లో కొందరు పిల్లలు దాక్కున్నట్టు ఉండిపోయినారు. అమ్మానాయనలు ఎక్కడో ఇటుకబట్టీల్లో, రోడ్డు పనుల్లో ఉన్నారు. పోవడానికి ఇల్లు లేదు. "తిన్నారా?" అంటే, "ఆకలిగా లేదు మేడమ్" అన్నారు.

యూనివర్సిటీ పెద్దలను పిలిపించి, సెలవుల్లో కూడా మెస్ నడపండి అన్నా. "రూల్సు ఒప్పుకోవు మేడమ్" అన్నారు. "రూలు రాసినాయనకు ఇల్లుంది. ఇల్లు లేని పిల్ల రాసుంటే ఆ రూలు ఇంకోలాగ ఉండేది" అన్నా. నవ్వి ఊరుకున్నారు. సరే, నేనూ సుందరమ్మ కూతుర్నే. ఆ పిల్లలనందరినీ రాజ్‌భవన్ అతిథిగృహానికి పిలిపించినా. సెక్రటరీ మంచినీళ్ళ గ్లాసు జరిపినాడు, భద్రత వాళ్ళు తల పట్టుకున్నారు. అమ్మ అప్పుడు నా దగ్గరే ఉంది. వంటింట్లోకి పోయి, స్టీలు డబ్బా ఒకటి పొయ్యి పక్కన పెట్టించి, వంటాయన చేత పూటకొక పిడికెడు వేయించింది. "అమ్మగారూ, ఇక్కడ బియ్యానికి కొదవ లేదండీ" అని ఆయన అంటే, "కొదవ లేనప్పుడే వెయ్యి నాయనా, అలవాటవుతుంది" అనింది. గవర్నరు ఇంట్లో హాస్టలు పిల్లలు తింటున్నారన్న మాట ఊరంతా పాకేసరికి, రూల్సు ఒప్పుకున్నాయి. మెస్సులు తెరిచినారు, ఆ మరుసటేడు కూడా మూయలేదు. నేను పెట్టిన సంతకాలన్నిటిలో నాకు గుర్తుండేది పెట్టని ఆ సంతకమే.

ఇప్పుడు మా పల్లెలో రేషను బియ్యం ఉన్నాయి, సిమెంటు ఇళ్ళున్నాయి, గుడికి గోపురమూ మైకులూ ఉన్నాయి. ఆకలి మునుపటి ఆకలి కాదు, ఆ మాట ఒప్పుకోవాల. వలస మాత్రం పోలేదు. నేను వచ్చినాక మొదటి ఆదివారం గుళ్ళో నన్ను బల్ల పక్కన కుర్చీలో కూర్చోమన్నారు. నేను ఆడవాళ్ళ వరసలో, అదే పలకరాయి మీద, రూతు పక్కన కూర్చున్నా. రూతుకు ఇప్పుడు నడుం వంగింది, నోరు మాత్రం బాగా లేచింది. "అద్దాల పెట్టె సంగతేందక్కా?" అని నా చెవిలో అడిగింది. "పెట్టె లేదు, ఏం లేదు" అన్నా. దాని వెనకాల మనవరాలు స్నేహ తల వంచుకుని కూర్చుంది. ఇంటరు రెండో ఏడు. మిరపకోతలకు లారీ సిద్ధంగా ఉందనీ, అమ్మానాయనలతో పిల్లా పోతోందనీ రూతు చెప్పింది. "నువ్వు చూసుకోలేవా?" అంటే, "నా మోకాళ్ళు నన్నే మొయ్యవు. దానికి ఎవరు వండిపెడతారు? అడిగితే, చదువు మీద మనసు లేదులే అవ్వా అంటోంది" అనింది.

మనసు లేదంట! నాకు ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. కానుకలు తెమ్మనగానే అమ్మ కుండ ఎత్తుకుని లేచినా. బల్ల ముందు నిలబడి, సంఘానికి తిరిగి, "ఈ కుండ పెట్టెలోకి పోదు, పొయ్యి దగ్గరికి పోతుంది. మా అమ్మ ఇల్లు మూసేది లేదు. నేను ఇక్కడే ఉంటున్నా. పరీక్షలు ఉన్న పిల్ల ఏదీ లారీ ఎక్కొద్దు, మా ఇంటికి పంపండి. పిడికెడు మీరు వెయ్యండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నా. తమ్ముడు తల గోక్కున్నాడు. ఆ ఇంటిని బాడుగకు ఇవ్వాలని వాడు ఒకాయనతో మాట కూడా అనుకున్నాడని తర్వాత తెలిసింది. "నీతో వేగలేం అక్కా" అని మాత్రం అని, ఆ సాయంత్రమే గ్యాసు పొయ్యి తెచ్చి బిగించినాడు.

లారీ పోయింది. స్నేహ ఎక్కలేదు, ఇంకొందరు పిల్లలు కూడా ఎక్కలేదు. ఆ రోజు మధ్యాహ్నం మా వసారాలో ఆకులు పరిచి, గరిటె పట్టుకుని నేనే వడ్డించినా. స్నేహ గోడకు ఆనుకుని, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, "నాకు ఆకలిగా లేదవ్వా, వాళ్ళకు పెట్టు" అనింది. ఇంకెవరి ఆకూ చూడకుండా నేరుగా దాని దగ్గరికి పోయి ముద్ద పెట్టినా. పిల్ల కళ్ళు నీళ్ళతో నిండినాయి, తలొంచుకుని తినడం మొదలుపెట్టింది. అందరికీ అయ్యేసరికి నా నడుం పట్టేసింది, గంగాళం అడుగు కనబడుతోంది. గుమ్మంలో కూర్చున్న రూతు, "నువ్వెప్పుడు తింటావక్కా?" అని అడిగింది. "నాకాకల్లేదు లేవే" అన్నా.

అన్నాక గానీ నాకే వినపడలేదు. రూతు ఒక్కసారి ఫక్కున నవ్వింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని, ఎట్లనో లేచి వచ్చి, నా చేతిలో గరిటె లాక్కుని, "కూసో" అనింది.